పుట వెనుక రంగు

ఒక మిత్రుని పదవీ విరమణ సందర్భంలో నలుగురం కలిసి సన్మాన పత్రం ఒకటి సిద్ధపరచినాము. పద్యం వ్రాయగలవారు పద్యాలు వ్రాసినారు. నాబోటివారు వచనంతో సరిపెట్టుకొన్నారు. కంప్యూటరులో దానిని కూర్చిన యువకుడు పుటకంతటికీ ముదురు నీలం రంగు వేసి, దానిమీద తెల్లని అక్షరాలు నిలిపినాడు. తెరమీద చూచినప్పుడు నక్షత్రాలు పొడిచిన ఆకాశంవలె కన్నులకు ఇంపుగా ఉన్నది. మరునాడు ముద్రణకై అంగడికి తీసుకొనిపోగా, యంత్రంలోనుండి వెలువడినది వట్టి తెల్లకాగితం. ఒక్క అక్షరమైనా లేదు. నీలం కాగితంమీద పడలేదు. తెల్లని అక్షరాలు తెలుపులో కలిసిపోయినవి. తప్పు ఎవరిదని విచారించగా ఎవరిదీ కాదని తేలినది.

ఆ నీలం ఏమైనదన్న ప్రశ్నకు సమాధానం యంత్రంలో కొంత ఉన్నది. చరిత్రలో అంతకంటె ఎక్కువ ఉన్నది.

గోడమీద చిత్రం వ్రాయడానికి ముందు వేసే పూతకు మన శిల్పశాస్త్రాలు భూమిబంధనమని పేరు పెట్టినవి. ముందు భూమి, తరువాత రూపం. పూర్వులు పుట విషయంలోను ఈ క్రమాన్నే పాటించినారు. చీనా దేశంలో గ్రంథాలకు వాడే కాగితాన్ని ఒక చెట్టు బెరడు రసంలో ముంచి పసుపు వన్నె తెప్పించేవారు. ఆ రసం కాగితానికి పురుగు పట్టకుండా కాపాడేది. 6వ శతాబ్దిలో జియా సషియే రచించిన వ్యవసాయ గ్రంథంలో ఈ అద్దకపు విధానం ఉన్నది. తేదీ కలిగిన ముద్రిత గ్రంథాలలో నేటికి నిలిచిన ప్రాచీనతమమైన సంపూర్ణ గ్రంథమని పేరొందిన వజ్రచ్ఛేదిక సూత్రపు ప్రతి, 868వ సంవత్సరం నాటిది, అట్టి పసుపు కాగితంమీదనే అచ్చయినది. దున్‌హువాంగ్ గుహలలో దొరికిన ఆ చుట్ట నేడు లండనులోని బ్రిటిష్ గ్రంథాలయంలో ఉన్నది. ఆ పసుపును అచ్చు వేసినవాడు వేయలేదు. వానికి కాగితం చేతికి వచ్చేసరికే రంగు దానిలో ఇంకి ఉన్నది.

పశ్చిమ దేశాలలో ఇదే పని తోలు పుటలమీద జరిగినది. 6వ శతాబ్దినాటి గోతిక్ భాషా బైబిలు, రజత గ్రంథమని ప్రసిద్ధి చెందినది, స్వీడన్ దేశంలోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఉన్నది. తోలును ఊదారంగులో అద్ది, దానిమీద వెండి సిరాతోను బంగారు సిరాతోను వ్రాసినారు. ఇక్కడ రంగు అలంకారం మాత్రమే కాదు. ఆ ఊదా భూమి లేకపోయినట్లయితే వెండి అక్షరం కంటికి ఆనదు. మా సన్మాన పత్రానికి దానితో ఉన్న చుట్టరికం ఇంతవరకే. ఇట్టి పుస్తకాల ఖర్చును చూచి కోపించినవారు కూడ ఆనాడే ఉన్నారు. ఆ గ్రంథం పుట్టుకకు పూర్వమే, 4వ శతాబ్ది చివర, జెరోమ్ అనే క్రైస్తవ పండితుడు ఒక లేఖలో దీనిని తీవ్రంగా నిందించినాడు: తోళ్ళకు ఊదా రంగులు, అక్షరాలకు బంగారం సమకూరుస్తూ, వాకిట గుడ్డలేక ప్రాణం విడుస్తున్న క్రీస్తును మరచినారని ఆయన బాధ. పుట వెనుక రంగుకు ఖర్చు చాల అవుతుందన్న ఫిర్యాదు నిన్న మొన్నటిది కాదు.

మన దక్కను కూడ ఈ విద్యకు ఇల్లయినది. చిక్కపరచిన నీటిమీద రంగులు తేలవేసి, కాగితాన్ని దానిపై పరచి ఎత్తితే మబ్బుల చాళ్ళవంటి వన్నెలు దానికి అంటుకొంటవి. అబ్ర్ అంటే పారశీకంలో మేఘం. అందుచేత దీనికి అబ్రీ అని పేరు. 17వ శతాబ్దిలో బిజాపురం చిత్రకారులు ఈ మబ్బు రంగులతోనే గుర్రాలను, రౌతులను రూపొందించినారు. అక్కడ వెనుక ఉండవలసిన రంగు ముందుకు వచ్చి తానే చిత్రమైనది!

అచ్చు యంత్రం వచ్చిన తరువాత లెక్క మారినది. అచ్చులో ఉబికి ఉన్న అక్షరపు ముఖానికి మాత్రమే సిరా అంటుతుంది. పుటలో అత్యధిక భాగం సిరా ఎరుగదు. పుటంతా రంగు కావాలంటే వేరొక దిమ్మెను సిరాతో నింపి, అదే కాగితాన్ని రెండవ మారు యంత్రానికి ఎక్కించాలి. దానికంటె రంగు కాగితాన్నే కొనడం సుళువు. వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ 16వ శతాబ్ది తొలినాళ్ళలో కొన్ని ప్రతులను నీలి కాగితంమీద అచ్చు వేయించినాడు. లండనులోని ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక 1893లో తోటి పత్రికలనుండి వేరుగా కనిపించడానికి లేత గులాబి కాగితానికి మారినది. ఆ రంగు కాగితానిదేగాని అచ్చుది కాదు. మన ఇండ్లలో శుభలేఖ నాలుగు మూలలకు వ్రేలితో పసుపు అద్దుతాము. అచ్చు కాని రంగును పుటకు చేర్చడంలో అంతకంటె చౌకయైన ఉపాయం నేను ఎరుగను.

ఇక తెర సంగతి. వర్డ్ ప్రాసెసర్లు వ్యాప్తిలోకి వచ్చిన తొలినాళ్ళలో తెర నల్లన, అక్షరాలు ఆకుపచ్చనో, తేనెరంగో, తెలుపో. 1989లో వెలువడిన వర్డ్‌పర్‌ఫెక్ట్ 5.1 పేరు చెప్పగానే ఆనాటి గుమాస్తాలకు జ్ఞప్తికి వచ్చేది దాని నీలి తెరయే. నీలం మీద తెల్లని అక్షరాలు టైపు చేసి, తెల్లకాగితంమీద నల్లని అక్షరాలు తీసుకొన్నారు. నీలం ఏమైనదని ఎవరూ అడగలేదు! అది తెరదని, కాగితానికి సంబంధించినది కాదని అందరికీ తెలిసినదే.

ఈ తెలివిడిని చెరిపివేసినది తెల్ల తెర. 1973లో కాలిఫోర్నియాలోని జిరాక్సు పరిశోధనాలయంలో ఆల్టో అనే కంప్యూటరు తయారైనది. దాని తెర నిలువు కాగితపు ఆకారంలో ఉన్నది. తెలుపుమీద నల్లని అక్షరాలను చూపగలిగినది. దానికొరకు బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమొనీ ప్రభృతులు బ్రావో అనే వర్డ్ ప్రాసెసర్‌ను నిర్మించినారు. గారీ స్టార్క్‌వెదర్ రూపొందించిన లేజర్ ప్రింటరు కూడ అక్కడనే పనిచేసినది. తెరమీద చూచినదే కాగితంమీద వస్తుందన్న నమ్మకం ఈ మూటి కలయికలో పుట్టినది. అక్షరాల విషయంలో ఆ మాట చాలవరకు నిలబడినది. తెలుపు విషయంలో మాత్రం అది కొంత భ్రమ. తెరమీది తెలుపు యంత్రం వెలిగించే వెలుగు; కాగితంమీది తెలుపు ఎవరూ ముద్రింపనిది.

ఆ భ్రమ బయటపడడానికి ఇరువది సంవత్సరాలకు పైగా పట్టినది. 1995లో నెట్‌స్కేప్ 1.1 ఇంటర్నెట్ పుటల వెనుక చిత్రాలు పరచే వెసులుబాటు కల్పించినది. తెరమీద చదివే పుటకు రంగు దండిగా వేసుకోవచ్చును; సిరా ఖర్చు లేదు. ఆ ఫ్యాషను వర్డ్ ప్రాసెసర్లకు ప్రాకినది. మైక్రోసాఫ్ట్ సంస్థవారి వర్డ్ 97లో పుటకు నేపథ్యం కేటాయించే ఆజ్ఞ ఉన్నది. అయితే అది తెరమీద చదువుకొనడానికే ఉద్దేశించినది, ముద్రణకు రాదు. తరువాతి కూర్పులలో ముద్రణకు వీలు కల్పించినారు, కాని అడిగితేనే. 2007 కూర్పు మొదలుకొని ఆప్షన్స్ లో డిస్‌ప్లే అనే విభాగంలో ‘ప్రింట్ బ్యాక్‌గ్రౌండ్ కలర్స్ అండ్ ఇమేజెస్’ అని చిన్న గడి ఉన్నది. దానిలో టిక్కు పెడితే రంగు ముద్రితమవుతుంది, లేకపోతే లేదు. ఆ గడి మొదట ఖాళీగానే ఉంటుంది.

ఖాళీగా ఉంచడం పిసినారితనమని మొదట నాకు తోచినది. లెక్క చూచిన తరువాత అభిప్రాయం మార్చుకొన్నాను. సిరా పెట్టె ఇన్ని పుటలకు వస్తుందని చెప్పేటప్పుడు, పుటలో నూటికి 5 వంతుల మేర మాత్రమే సిరా పడుతుందని అనుకొని చెప్పడం వాడుక. నిండు నీలం పుటకు దానికి ఇరువది రెట్లు కావలెను. పైగా ఇంటి ప్రింటర్లు సాధారణంగా అంచువరకు ముద్రింపలేవు. రంగు వేసినా చుట్టూ తెల్లని చట్రం మిగులుతుంది. అచ్చు కార్యాలయాలవారు పెద్ద కాగితంమీద హద్దు దాటించి రంగు వేసి, తరువాత అంచులు కత్తిరిస్తారు.

మమ్ములను ముంచినది మాత్రం ఇంకొక సంగతి. ఆ టిక్కు గుర్తు పత్రంతోపాటు ప్రయాణం చేయదు. అది ఏ కంప్యూటరులో పెడితే ఆ కంప్యూటరుకే పరిమితం. మా యువకుడు తన ఇంట టిక్కు పెట్టుకొని, పరీక్షకు ఒక ప్రతి తీసి సంతోషించినాడు. అంగడివారి యంత్రంలో ఆ గడి ఖాళీ.

వాటర్‌మార్క్ అనే సాధనానికి ఈ చిక్కు లేదు. వర్డ్‌లో దానిని పుట తలకట్టు భాగంలో ఇముడ్చుతారు. అందుచేత టిక్కుతో నిమిత్తం లేకుండ ముద్రితమవుతుంది. ఆ పేరు ఇటలీలోని ఫాబ్రియానో పట్టణపు కాగితపు పనివారి విద్యనుండి వచ్చినది. 1282 ప్రాంతంలో వారు జల్లెడకు తీగతో గుర్తు కుట్టి, తడి గుజ్జు అక్కడ పలుచబడేటట్లు చేసినారు. కాగితాన్ని వెలుగుకు ఎదురుగా పట్టుకొంటే ఆ గుర్తు కనిపించేది. దానిలో సిరా చుక్కయైనా లేదు. నేటి దానిలో సిరా తప్ప వేరొకటి లేదు. పేరు మాత్రం ఒకటే!

సన్మానానికి ఒక్కపూట వ్యవధి మిగిలినది. టిక్కు పెట్టించి మరల ముద్రింపవచ్చును; కాని తెల్లని చట్రం మా యువకునికి నచ్చలేదు. చివరకు కాగితాల అంగడిలో దళసరి లేత నీలం కాగితాలు ఒక పాతిక కొని, నల్లని అక్షరాలతో అచ్చు వేయించినాము. సభలో దానిని చదివిన పెద్దమనిషి అద్దాలు సవరించుకొనకుండ చివరిదాక చదివినాడు.