శిశువులకు పళ్ళు రావడం

శిశువు చిగుళ్ళలోంచి పాలపళ్ళు బయటికి రావడం ఎదుగుదలలో సహజమైన దశ. ఎక్కువమంది పిల్లల్లో ఇది ఆరో నెల ప్రాంతంలో మొదలవుతుంది. మూడేళ్ళు నిండేసరికి మొత్తం 20 పాలపళ్ళూ వచ్చేస్తాయి. ఈ దశలో చిగుళ్ళ సలుపు, చిరాకు మామూలే. అయితే అదే వయసులో వచ్చే అసలు జబ్బులను పళ్ళ మీదకు నెట్టేస్తే వైద్యం ఆలస్యమవుతుంది.

వచ్చే క్రమం

పాలపళ్ళ మొగ్గలు గర్భంలో ఆరో వారం నుంచే ఏర్పడటం మొదలవుతుంది. పుట్టేనాటికి అవి దవడ ఎముకలో దాగి ఉంటాయి. పన్ను పైకి జరిగేకొద్దీ దాని మీదున్న ఎముక, చిగురు క్రమంగా కరిగి దారి ఇస్తాయి.

సాధారణంగా ముందు కింది నడిమి పళ్ళు రెండూ 6–10 నెలల మధ్య వస్తాయి. పై నడిమి పళ్ళు 8–12 నెలల్లో, వాటి పక్కవి 9–16 నెలల్లో, మొదటి దవడ పళ్ళు 13–19 నెలల్లో, కోరపళ్ళు 16–23 నెలల్లో, చివరి దవడ పళ్ళు 23–33 నెలల్లో కనిపిస్తాయి. కొందరికి నాలుగో నెలలోనే మొదలవుతాయి, కొందరికి ఏడాది దాటుతుంది. 18 నెలలకూ ఒక్క పన్నయినా రాకపోతే వైద్యులకు చూపించాలి.

పై పళ్ళు ముందొస్తే మేనమామకు మంచిది కాదని కొన్ని ఇళ్ళలో భయపడతారు. వరుస మారడం వల్ల ఎవరికీ కీడు జరగదు.

లక్షణాలు

పన్ను వచ్చేచోట చిగురు ఉబ్బి ఎర్రబడుతుంది. శిశువు చొంగ కారుస్తుంది, చేతికందినదల్లా నోట్లో పెట్టుకుని కొరుకుతుంది, రాత్రి నిద్ర మధ్యలో లేచి ఏడుస్తుంది. ఒంటి వేడి కొద్దిగా పెరగవచ్చు. కొన్నిసార్లు చిగురు మీద నీలం రంగు బుడిపె లేస్తుంది. పన్ను బయటపడగానే అది దానంతటదే పోతుంది, దాన్ని గిల్లకూడదు.

ఉపశమనం

చేతులు సబ్బుతో కడుక్కుని, శుభ్రమైన వేలితో చిగుళ్ళను ఒకటి రెండు నిమిషాలు మెల్లగా రుద్దితే సలుపు తగ్గుతుంది. తడిపి ఫ్రిజ్‌లో చల్లబరిచిన మెత్తటి గుడ్డను గానీ, గట్టి రబ్బరు టీతర్‌ను గానీ పెద్దవాళ్ళ కళ్ళ ముందే కొరకనివ్వాలి. డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టిన టీతర్ చిగుళ్ళకు హాని చేస్తుంది. గడ్డం మీది చొంగను ఎప్పటికప్పుడు అద్ది తుడిస్తే ఒరుపు రాదు.

పాలు తాగుతూ కొరికితే శిశువును ఒక్కసారిగా లాగకూడదు. చిటికెన వేలిని నోటి మూల నుంచి చిగుళ్ళ మధ్యకు పోనిస్తే పట్టు వదులుతుంది.

నొప్పి ఎక్కువైతే పారాసిటమాల్‌ను వైద్యులు బరువును బట్టి చెప్పిన మోతాదులోనే వాడాలి. మన మందుల షాపుల్లో దొరికే డ్రాప్స్‌లో సాధారణంగా 1 మి.లీ.కు 100 మి.గ్రా. మందు ఉంటుంది. సిరప్‌లో చాలావరకు 5 మి.లీ.కు 125 మి.గ్రా. ఉంటుంది. అంటే డ్రాప్స్ నాలుగు రెట్లు గాఢం. సిరప్ కొలతలో డ్రాప్స్ పోస్తే ప్రమాదం.

వాడకూడనివి

బెంజోకెయిన్, లిడోకెయిన్ ఉన్న చిగుళ్ళ జెల్స్ శిశువులకు పూయకూడదు. బెంజోకెయిన్ వల్ల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి పడిపోయే అవకాశం ఉంది. మెడలో వేసే టీతింగ్ పూసలు గొంతుకు బిగుసుకోవచ్చు, తెగితే పూస గొంతులో అడ్డుపడవచ్చు. పచ్చి క్యారెట్ ముక్కలు కూడా గొంతులో అడ్డుపడే ముప్పు ఉంది. ఏడాదిలోపు పిల్లల చిగుళ్ళకు తేనె రాస్తే బొటులిజం అనే విషప్రభావం కలగవచ్చు.

జ్వరం, విరేచనాలు

ఆరో నెల నుంచి తల్లి ద్వారా అందిన రక్షణ తగ్గుతూ వస్తుంది. అప్పుడే పాకడం, నేల మీది వస్తువులు నోట్లో పెట్టుకోవడం, పైఆహారం తినడం మొదలవుతాయి. అందుకే పళ్ళ కాలమూ అంటువ్యాధుల కాలమూ కలిసి వస్తాయి. 100.4 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంతకు మించిన జ్వరం, నీళ్ళ విరేచనాలు, వాంతులు, పాలు మానేయడం పళ్ళ లక్షణాలు కావు. విరేచనాలైతే తల్లిపాలు ఆపకుండా, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా పడుతూ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

చరిత్ర

1842 నాటి రిజిస్ట్రార్ జనరల్ నివేదిక ప్రకారం, లండన్‌లో ఏడాదిలోపు చనిపోయిన శిశువుల్లో 4.8 శాతం మందికి పళ్ళు రావడాన్నే మరణకారణంగా నమోదు చేశారు. 16వ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే సమర్థించిన చిగుళ్ళు కోసే పద్ధతి శతాబ్దాల పాటు సాగింది. పళ్ళు వచ్చే శిశువులకు ఇచ్చిన, పాదరసం కలిసిన కాలోమెల్ పొడులు పిల్లల చేతులూ కాళ్ళూ ఎర్రబారి సలిపే ‘పింక్ డిసీజ్’కు కారణమయ్యాయి. 1950లలో ఆ పొడులు మార్కెట్ నుంచి తప్పుకున్నాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది.

పాలపళ్ళ సంరక్షణ

మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే మెత్తటి బ్రష్‌తో, బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమాలి. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చితే ముందు పళ్ళు పుచ్చిపోతాయి. మొదటి పుట్టినరోజులోపు ఒకసారి దంతవైద్యులకు చూపించడం మంచిది. పాలపళ్ళు శాశ్వత దంతాలకు చోటు కాపాడతాయి కాబట్టి, ఎలాగూ ఊడిపోయేవే కదా అని వాటిని అశ్రద్ధ చేయకూడదు.