నేరస్థ జాతుల చట్టం (ఆంధ్ర ప్రాంతంలో చరిత్ర)

కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరగాళ్ళుగా లెక్కగట్టి పోలీసు నిఘా కింద ఉంచిన బ్రిటిష్ కాలపు చట్టం ఇది. 1871లో ఉత్తర భారతంలో మొదలైంది. 1911 నాటి మూడో చట్టంతో మద్రాసు రాజధానికి వచ్చింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో దీని బరువు ఎక్కువగా మోసినవారు ఎరుకలు. యానాదులు, సుగాలీలు, దొమ్మరులు కూడా కొన్నిచోట్ల జాబితాకెక్కారు. నిజాం ఏలుబడిలో లంబాడీల మీద ఇలాంటి చట్టమే వేరుగా ఉండేది.

పూర్వరంగం

పుట్టుకను బట్టి న్యాయం మారడం బ్రిటిష్‌వారితో మొదలైంది కాదు: ధర్మశాస్త్రాల్లో ఒకే నేరానికి వర్ణాన్ని బట్టి దండన మారేది. ఈస్టిండియా కుంఫిణీ రాకముందు ఊళ్ళో దొంగతనం జరిగితే కావలివాళ్ళు జవాబు చెప్పుకోవలసి వచ్చేది.

ఎరుకలు అప్పటికి దొంగలుగా కాదు, సరుకు మోసేవాళ్ళుగా ఊరూరికీ తెలుసు. ఉప్పు ఎరుకలు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును మెట్ట సీమకు చేర్చి, అక్కడి ధాన్యంతో తిరిగి వచ్చేవారు. దబ్బ ఎరుకలు వెదురు చీల్చి బుట్టలు, తట్టలు అల్లేవారు. ఆడవాళ్ళు ఎరుక చెప్పేవారు. 1850ల తర్వాత ఒకవైపు రైలుమార్గం, మరోవైపు సర్కారు ఉప్పు గుత్తాధిపత్యం ఈ వర్తకాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవాళ్ళు పోలీసు లెక్కలో అనుమానితులయ్యారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన విలువైన పుస్తకంలో ఈ సంగతిని మద్రాసు ప్రభుత్వ దస్తావేజుల ఆధారంగానే నిరూపించారు.

1911 చట్టం పనిచేసిన తీరు

స్థానిక ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటిస్తే చాలు, ఆ తెగ మొత్తం నేరస్థ జాతి అయ్యేది. ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టులోనూ వాదించే వీలు లేదు. జిల్లా మేజిస్ట్రేటు రిజిస్టరు తయారు చేయించి వేలిముద్రలు తీయించేవాడు. రిజిస్టరులోకి ఎక్కినవారు చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి, మకాం మారితే ముందుగా తెలపాలి. పక్క ఊళ్ళో చుట్టాల పెళ్ళికి వెళ్ళాలన్నా పాసు కావాలి. చేరిన చోట దాన్ని చూపించాలి, గడువులోగా వెనక్కి రావాలి.

శిక్షల దగ్గర చట్టం మరీ కఠినం. చట్టానికి జతచేసిన జాబితాలోని నేరాల్లో రెండోసారి శిక్షపడితే ఏడేళ్ళకు తగ్గని ఖైదు, మూడోసారి యావజ్జీవ ప్రవాసం అని 23వ సెక్షన్. దొంగతనానికి పొంచి ఉన్నట్టు అనుమానం కలిగే పరిస్థితుల్లో కనిపించినా మూడేళ్ళ దాకా జైలు అని 24వ సెక్షన్. అదే నేరానికి ఆ తెగలకు చెందని మనిషికి మామూలు శిక్షాస్మృతి వర్తించేది. నేరం చేశాడా లేదా అన్న విచారణకు ముందే సగం తీర్పు కులం పేరుతో వచ్చేసేది.

సెటిల్‌మెంట్లు

మద్రాసు ప్రభుత్వం రిజిస్టరులోకి ఎక్కిన కుటుంబాలను ఒకచోట కుదురుగా ఉంచే పనిని మిషనరీలకు అప్పగించింది. సాల్వేషన్ ఆర్మీ తరఫున ఫ్రెడరిక్ బూత్-టక్కర్ ఇందుకు ముందుకొచ్చాడు. బాపట్ల దగ్గర 1913-14 ప్రాంతంలో వెలసిన స్టువర్టుపురానికి గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. సాగుకు భూమి ఇచ్చారు గాని, అది అందరికీ కూడు పెట్టేంత లేదు. చాలామంది చీరాల పొగాకు కంపెనీలో కూలికి వెళ్ళారు. కృష్ణ ఒడ్డున సీతానగరంలో, నెల్లూరు జిల్లా బిట్రగుంటలో కూడా సాల్వేషన్ ఆర్మీ సెటిల్‌మెంట్లు నడిచాయి. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు చెందిన శామ్యూల్ బాడెన్ చాలాకాలం అధికారి. బడి, వైద్యం, మగ్గం పని వచ్చాయన్నది నిజమే. అవి వచ్చింది హాజరుపట్టీతో కలిసి.

రద్దు

మద్రాసు ప్రభుత్వం 1947లోనే ఈ చట్టాన్ని ఎత్తివేసింది. మరుసటి ఏడు అలవాటు నేరస్థుల చట్టం తెచ్చింది. కేంద్రం 1949లో వేసిన విచారణ సంఘానికి తెలుగు సీమ వాడైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షుడు. ఆ సంఘం సిఫారసు మీదే 1952లో రద్దు జరిగింది, ఆ జాతులు విముక్త జాతులయ్యాయి. ఆంధ్రప్రదేశ్ 1962లో తన సొంత అలవాటు నేరస్థుల చట్టం చేసుకుంది. స్టువర్టుపురంలో 1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు ఓపికగా సాగించిన సంస్కరణ కృషి ప్రశంసనీయం. 1991 నుంచి సినిమాలు మాత్రం ఆ ఊరి పేరును దొంగతనంతోనే ముడిపెట్టాయి.

తర్వాతి కేసులు

చట్టం పోయినా అనుమానించే అలవాటు పోలేదనడానికి కోర్టు తీర్పులే సాక్ష్యం. మహారాష్ట్రలోని ఒక కేసులో సంచార తెగకు చెందిన ఆరుగురికి ఉరిశిక్ష పడింది. 2009లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. పదేళ్ళ తర్వాత, 2019 మార్చిలో, అదే కోర్టు వాళ్ళను నిర్దోషులని వదిలి తలా ఐదు లక్షల పరిహారం ఇప్పించింది. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో 2007 డిసెంబరులో జరిగిన విద్యార్థిని హత్య కేసులో దళిత యువకుడొకరికి 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని విడుదల చేసి లక్ష రూపాయలు ఇవ్వమంది. మక్కా మసీదు పేలుడు (2007) తర్వాత హైదరాబాదులో పట్టుకున్న ముస్లిం యువకుల సంగతీ ఈ కోవలోదే.

విశాఖ మన్యంలో అడ్డం తిరిగిన కథ కనిపిస్తుంది. 2007 ఆగస్టు 20న వాకపల్లిలో తమపై అత్యాచారం జరిగిందని 11 మంది కోందు మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులపై ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలింది. కారణం, దర్యాప్తు సరిగా జరగకపోవడం. మహిళలకు పరిహారం ఇప్పించాలని కూడా ఆ తీర్పే చెప్పింది.

ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ రౌడీషీట్లు, సస్పెక్ట్ షీట్లు ఉంటాయి. వీటికి ఆధారం చట్టం కాదు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్లు. చట్టం అండ లేకుండా ఇలా షీటు తెరవడం చెల్లదని 2022 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం తీర్పునిచ్చింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది.

2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచే నియమాలను కొట్టివేసింది. విముక్త జాతులవారిని అలవాటు నేరస్థులుగా చూసే నియమాలూ వాటితోపాటే పోయాయి. ఆంధ్రప్రదేశ్ 1979 జైలు నియమాలు కూడా ఆ తీర్పులో చర్చకొచ్చాయి.

తప్పుడు కేసుల్లో నలిగినవారికి పరిహారం హక్కుగా ఉండాలని లా కమిషన్ 2018లో 277వ నివేదికలో కోరింది. ఆ సిఫారసు చట్టం కాలేదు. ఆధారం లేకుండా పట్టించినవాళ్ళ నుంచి ఇప్పించే పరిహారం పాత నేర ప్రక్రియా స్మృతిలోని 358వ సెక్షన్ ప్రకారం వెయ్యి రూపాయలకు మించేది కాదు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమలైన కొత్త సంహితలో అది 399వ సెక్షన్, మొత్తం అదే వెయ్యి.