పాత ఫిడేలు, లోపలి చీటీ

అరకు లోయలోని కాఫీ తోటలలో నీడకై పెంచిన పొడుగాటి చెట్లను చూడని యాత్రికుడుండడు. వానిని సిల్వర్ ఓకు అందుము. కాని అవి ఓకు జాతి వృక్షములు కావు. వాని పుట్టిల్లు ఆస్ట్రేలియా. పేరొకటి, పుట్టుక యొకటి. పాత ఫిడేలు విషయమునను ఇట్టి చిక్కే కలదు. దాని కడుపులో అంటించిన చీటీ ఒక పేరు చెప్పును. కర్ర వేరొక కథ చెప్పును. ఈ రెంటిలో దేనిని నమ్మవలెనో కొంత విచారింతము.

ఆ కొండలు దిగి వచ్చినచో విజయనగరము. అక్కడ 1919లో మహారాజావారి సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ యేడే ఫిడేలు ఆచార్యులై, 1936లో అధ్యక్షులైరి. వారి ప్రభావమున ఈ ప్రాంతమందు ఫిడేలు చేతబట్టినవారు అనేకులు. అట్టి యింట ఒకనాడు అటక దులుపగా తాతగారి ఫిడేలు పెట్టె బయటపడినదనుకొందము. ఎఫ్ ఆకారపు రంధ్రమునుండి లోపలికి చూడగా, క్రెమోనా నగరపు స్ట్రాడివారి దీనిని చేసెనని లాటిను భాషలో ఒక చీటీ! ఇంటిల్లిపాదికిని కోట్లు కన్నులయెదుట ఆడును.

స్ట్రాడివారి 1737లో గతించెను. ఆయన చేసిన వాద్యములలో నేటికి నిలిచినవి సుమారు 650 మాత్రమే. కాని ఆయన పేరిటి చీటీలు లెక్కకు మించి కలవు. పందొమ్మిదవ శతాబ్దిలో జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్హెన్, మిట్టెన్‌వాల్డ్ ఊళ్లలోను, ఫ్రాన్సులోని మిర్‌కూర్‌లోను ఫిడేళ్ల తయారీ పెద్ద పరిశ్రమయైనది. మార్క్‌నాయ్‌కిర్హెన్ ప్రాంతమున ఒక యింటివారు మెడలు చెక్కగా, వేరొక యింటివారు పలకలు చెక్కెడివారు. వర్తకుడు అన్నిటిని కూర్చి దేశాంతరములకు పంపెడివాడు. చీటీమీది పూర్వాచార్యుని పేరు, ఆ వాద్యము ఎవరి నమూనాననుసరించినదో తెలుపుటకే. నాటి కొనుగోలుదారునికి ఈ సంగతి తెలియును. తరములు మారగా సంగతి మరుగునపడి, చీటీ మాత్రము మిగిలినది.

అయినను చీటీ బొత్తిగా నిరుపయోగము కాదు. విదేశీ సరకులపై గుర్తులనుగూర్చి ఇంగ్లండు 1887లోను, దిగుమతి సరకులపై ఉత్పత్తి దేశము పేరు ఇంగ్లీషున ఉండవలెనని అమెరికా 1890లోను శాసనములు చేసినవి. కావున ‘మేడ్ ఇన్ జర్మనీ’ అను మాట కనిపించినచో ఆ ఫిడేలు సాధారణముగా ఆ కాలమునకు తరువాతిదే. ‘చెకోస్లొవేకియా’ అని యున్నచో 1918కి పూర్వపుది కానేరదు. ఆ దేశము అప్పుడే కదా పుట్టినది! పెద్ద అక్షరముల గొప్ప పేరుకంటె, అడుగున చిన్న అక్షరములలోని దేశము పేరే నమ్మదగిన సాక్షి.

ఇక కర్ర చెప్పు సాక్ష్యము. అంచు వెంబడి కనిపించు సన్నని నల్లగీత కర్రలో పొదిగినదా, సిరాతో గీసినదా? పై పలక లోపలి కడ్డీ విడిగా చేసి అతికినదా, పలకలోనే చెక్కి విడిచినదా? లోపలి మూలలలో దిమ్మలు కలవా? సిరాగీత, చెక్కి విడిచిన కడ్డీ, దిమ్మలు లేని మూలలు చౌకరకపు పనికి గుర్తులు. 1800కు పూర్వపు మంచి ఫిడేళ్లకు తరువాతి కాలమున మెడ మార్చిరి గనుక, బిరడాల పెట్టెవద్ద అతుకు కనిపించును. అయితే ఈ అతుకును సైతము నకలు చేసినవారు కలరు! పై పలకయందలి వలయములను లెక్కించి చెట్టు వయస్సు తేల్చు శాస్త్రమును నేడున్నది. ఆక్స్‌ఫర్డు సంగ్రహాలయములోని ‘మెస్సయా’ అను ఫిడేలు చీటీపై 1716 అని కలదు. దానిపై వివాదము రేగగా పండితులు వలయములు లెక్కించిరి. చివరి వలయము 1680ల నాటిదని తేలినది. అనగా చీటీలోని కాలము అసంభవము కాదు. కాని చేసినది ఎవరో వలయము చెప్పజాలదు.

ఈ తూర్పుకనుమలలోని సవరలకు కమానుతో వాయించు రెండు తంత్రుల వాద్యమొకటి కలదు. దానికి చీటీ యేల? చేసినవాడు తమలోనివాడే, చెక్కిన కర్ర తమ కొండదే. చీటీ అవసరమైనది, చేసిన చేతికి, వాయించిన చేతికి నడుమ సముద్రము అడ్డుపడిన వాద్యమునకే. ఆ యెడబాటును పూరింపగలది యింటివారి జ్ఞాపకము.

విలువ యనగా ధర మాత్రమే కాదు. 1721 నాటి ‘లేడీ బ్లంట్’ అను స్ట్రాడివారి ఫిడేలు 2011లో 1 కోటి 59 లక్షల డాలర్లకు అమ్ముడైనది. అది విపణివీథి విలువ. 1714 నాటి స్ట్రాడివారి వాద్యమునకు యజమానియైన యెహూదీ మెనూహిన్, 1952లో ద్వారంవారి వాదనము విని మిక్కిలి ప్రశంసించెను. ఆయన మెచ్చుకొనినది ఆ చేతిని. లోపలి చీటీ యేదియో చూచి కాదు.

కావున అటకమీది ఫిడేలు దొరికినవారికి మా మనవి యిది. చీటీని చింపవద్దు. మెరుగుపూతలు పూయవద్దు, పాత వార్నీషు పోయినచో సాక్ష్యము పోవును. వాకిట నిలిచిన బేరగానికి ఆ పూటకే అప్పగింపవద్దు. వాద్యములు బాగుచేయు నిపుణునికి చూపుడు. అన్నిటికంటె ముందుగా, ఇంటి పెద్దలు ఉండగనే అడిగి వ్రాసికొనుడు: ఎవరు కొనిరి, ఏ యూర కొనిరి, ఏ గురువువద్ద నేర్చిరి, ఏ కచేరిలో వాయించిరి. ఆ కాగితమును ఫిడేలు పెట్టెలోనే ఉంచుడు. జర్మనీ వర్తకుడు అంటించిన చీటీ పరాయి పేరు చెప్పవచ్చును. మీరు వ్రాసిన చీటీ అబద్ధము చెప్పదు.