బాంబు పనిలో పుట్టిన సెంటు

బీటెక్‌లో ఉన్నప్పుడు డియో కొనాలంటే నేను చూసేది ఒక్కటే, వాసన ఎన్ని గంటలు ఉంటుందని. ఈ రోజు కథ ఆ 'ఉండటం' గురించే.

1888కి వెళ్దాం. జర్మనీలో ఆల్బర్ట్ బౌర్ అనే కెమిస్ట్ టీఎన్‌టీ లాంటి పేలుడు పదార్థాల మీద పని చేస్తున్నాడు. ఆ పనిలో తయారైన ఒక పదార్థం అచ్చం కస్తూరి వాసన కొట్టింది. అప్పటిదాకా కస్తూరి అంటే హిమాలయాల్లో, టిబెట్, చైనా కొండల్లో తిరిగే మగ కస్తూరి జింక పొట్ట కింది గ్రంథి నుంచి రావాల్సిందే. ఒక్కో జింకకు దొరికేది పాతిక గ్రాములో ఎంతో. దానికోసం జింకనే చంపేసేవాళ్ళు. కాబట్టి ల్యాబ్ కస్తూరి రావడం అప్పటికి మంచి వార్తే, జింకకి కూడా! తర్వాత మస్క్ కీటోన్, మస్క్ జైలీన్ వచ్చాయి. జైలీన్ చవక. అందుకే సెంటు సీసా దాటి సబ్బుల్లోకి, బట్టలుతికే పౌడర్లలోకి దిగింది.

మరి ఉతికిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? 1981లో జపాన్ పరిశోధకులు టోక్యోలో తామా నది చేపల్ని పరీక్షిస్తే, వాటి ఒంట్లో ఈ రెండు మస్కులూ కనిపించాయి. 1990ల్లో యూరప్‌లో తల్లిపాలలో కూడా దొరికాయి. ఇవి నీళ్ళలో పెద్దగా కరగవు, కొవ్వులో కరుగుతాయి, తొందరగా విరిగిపోవు. అంటే మనం డబ్బులిచ్చి కొన్న గుణమే అక్కడ సమస్య అయింది.

రిస్క్ ఎలా కొలుస్తారు? మామూలు లెక్క సింపుల్. నీళ్ళలో ఎంత ఉందో తీసుకుని, ఎంత వరకు హాని లేదో దానితో భాగించాలి. ఒకటి కంటే తక్కువ వస్తే ఓకే, టెస్ట్ పాస్. నేను జాబ్‌లో ఇలాంటి టెస్టులు బోలెడు రాశా. ఒక్క రిక్వెస్ట్ పంపితే అన్నీ గ్రీన్. అదే సర్వర్ నెల రోజులు ఆగకుండా నడిస్తే మెమరీ నిండి కూర్చునేది. పేరుకుపోయేదాన్ని ఆ టెస్ట్ పట్టుకోదు.

2005లో కాలిఫోర్నియాలో ఇంకో సంగతి బయటపడింది. సముద్రపు ఆల్చిప్పల మొప్పల్లో విషాల్ని బయటికి తోసే పంపుల్లాంటి ప్రొటీన్లు ఉంటాయి. మస్కులు వాటిని అడ్డుకున్నాయి. శుభ్రమైన నీళ్ళలో ఒకటి రెండు రోజులు ఉంచినా ఆ పంపులు పూర్తిగా కోలుకోలేదు. మస్క్ తనంతట తాను చంపకపోయినా, వేరే విషానికి తలుపు తీసి పెడుతుందన్నమాట. ఒక్కో కెమికల్‌ని విడివిడిగా చూసే లెక్కలో ఇది ఎక్కడ రాస్తారు?

యూరప్ చివరికి రూలే వేరేలా రాసుకుంది. చాలా కాలం ఉండి, ఒంట్లో చాలా ఎక్కువగా పేరుకుంటే చాలు, విషమని విడిగా నిరూపించక్కర్లేదు. 2008లో మస్క్ జైలీన్ ఆ లిస్టులోకెక్కింది. 2014 ఆగస్టు తర్వాత ప్రత్యేక అనుమతి లేకుండా అక్కడ వాడకూడదు.

దాని చోటు చాలావరకు 1960లలో వచ్చిన గెలాక్సోలైడ్ తీసుకుంది. అణువు నిర్మాణం వేరు, కొవ్వులో కరిగే గుణం మాత్రం అదే. ఇప్పుడు నదుల్లో అదీ దొరుకుతోంది. నా డియోలో ఏముందో చూద్దామని డబ్బా తిప్పా. లేబుల్ మీద 'పర్ఫ్యూమ్' అని ఒక్క మాటే ఉంది. ఆ ఒక్క మాట వెనక ఎన్ని కెమికల్స్ దాక్కోవచ్చో నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూద్దాం.