రాక్షసగుళ్ళు (మౌలాలి)

సికింద్రాబాదునకు ఈశాన్యముగా, లాలాగూడ, తార్నాకలు దాటిన పిమ్మట కనిపించు మౌలాలి గుట్ట పరిసరములందును, వాయవ్యమున హష్మత్‌పేటయందును గల ప్రాగైతిహాసిక శిలావలయములను జనులు రాక్షసగుళ్ళని వ్యవహరింతురు. ఇవి ఇనుపయుగపు సమాధులు. స్థూలముగా క్రీస్తుపూర్వ ప్రథమ సహస్రాబ్దికి చెందినవి.

గ్రానైటు గుండ్లను వలయాకారముగా పాతి, నడుమ గొయ్యి త్రవ్వి, అందు రాతిపలకలను నిలువున నిలిపి పెట్టెవంటి గదిని అమర్చి, అస్థులను, మృద్భాండములను, ఇనుప ఆయుధములను అందుంచి, పైని పెనుబండ కప్పి, దానిపై రాళ్ళును మన్నును కుప్పవోయుట వీని సామాన్యలక్షణము. కుండలు వెలుపల ఎఱ్ఱగను, లోపలను అంచుకడను నల్లగను ఉండును. ఆవములో బోర్లించి కాల్చుటచే లోపలికి గాలి చొరక ఆ నలుపు ఏర్పడినదని పండితులు చెప్పుదురు. ఇంగ్లండులోని స్టోన్‌హెంజివలె ఇచట మలచిన మహాస్తంభములు లేవు. వలయపు రాళ్ళు సహజమైన గుండ్లే.

శాతవాహనులనాటినుండి కుతుబ్‌షాహీలవఱకు రాజ్యములు మాఱినను ఈ బీళ్ళలోని రాళ్ళను గూర్చి చెప్పుకోదగిన వ్రాత లేదు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఆంగ్లాధికారి మెడోస్ టేలర్ సురపుర సంస్థానమునందలి ఇట్టి సమాధులను త్రవ్వించి, ఐరోపాలోని శిలావలయములతో పోల్చి వ్రాసెను. నిజాం రాజ్యమున ఈ పరిశోధనకు నిజమైన ఉచ్ఛ్రాయదశ 1914తో ఆరంభమయ్యెను. ఆ యేట పురావస్తుశాఖ యేర్పడి గులాం యజ్దానీ దానికి ప్రథమాధ్యక్షుడయ్యెను; హైదరాబాదు పురావస్తు సంఘమును నాడే వెలసెను. నిజాం రైల్వేలో వైద్యుడైన హంటు మౌలాలి సమాధులను ప్రశంసనీయమైన శ్రద్ధతో పరిశీలించి, రాక్షసగుళ్ళ సమస్యలను గూర్చిన తన వ్యాసమును 1916లో ఆ సంఘపు పత్రికయందు ప్రకటించెను. మఱుసటి యేట యజ్దానీ సమాధి భాండములపై గీయబడిన గుర్తులవైపు విద్వాంసుల దృష్టిని మరల్చెను. వానిని లిపిగా నిరూపింపజూచినవారు కలరుగాని, ఆ వాదమునకు సర్వామోదము లభింపలేదు.

1947లో మైసూరు రాజ్యమునందలి బ్రహ్మగిరిలో పురాతత్త్వవేత్త వీలర్ జరిపిన త్రవ్వకములు దక్షిణాపథ సమాధుల కాలక్రమమునకు స్తరాధారమును కల్పించెను. తరువాత ఆవాసములు విస్తరించి, బండలు కొట్టివేయబడి, మౌలాలివద్ద వలయములు బహుళముగా అంతరించెను. హష్మత్‌పేటలోనివి మాత్రము రాష్ట్ర పురావస్తుశాఖ రక్షణలో కలవు. ఇట్లే ప్రాగైతిహాసికములైన నారాయణపేట జిల్లా ముడుమాల్‌లోని నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితా కెక్కెను.