శ్వాసలో మెలకువ

1220లో చెంగిజ్ ఖాన్ సేనలు బుఖారాను దగ్ధం చేశాయి. ఆ నగరం చెంతనే ఒక గ్రామంలో 1318లో ఖ్వాజా బహావుద్దీన్ నఖ్షబంద్ (రహ్మతుల్లాహి అలైహి) జన్మించారు. అప్పటికీ రాజ్యాలకు స్థిరత్వం లేదు, ప్రాణాలకు భరోసా లేదు. పూర్వికుడైన ఖ్వాజా అబ్దుల్ ఖాలిఖ్ గుజ్దవానీ నుండి సంక్రమించిన ‘హోష్ దర్ దమ్’ సూత్రం ఆయన మార్గానికి పునాది అయింది. లోనికి పోయే శ్వాస గాని, వెలికి వచ్చే శ్వాస గాని అల్లాహ్ స్మరణ లేకుండా గడవరాదని దాని భావం. ఆ జిక్ర్ మౌనంగా సాగుతుంది. పక్కన కూర్చున్నవానికైనా వినిపించదు. దీనిని కేవలం మనశ్శాంతి సాధనంగా వర్ణించేవారున్నారు. అది సగం మాటే. శిష్యులు నమోదు చేసిన వృత్తాంతాల ప్రకారం, ఆయన ఏళ్ల తరబడి రోగులకు, నిస్సహాయులకు సేవ చేశారు. మూగజీవుల పుండ్లు కడిగి మందు వేశారు. బాటసారులకు హాని కలుగకుండా దారులు శుభ్రపరిచారు.