కార్బన్ డయాక్సైడ్ నుంచి మిథనాల్

కార్బన్ డయాక్సైడ్‌ను హైడ్రోజన్‌తో కలిపి, అధిక పీడనంలో ఉత్ప్రేరకం మీదుగా పంపి మిథనాల్ తయారుచేసే పద్ధతి ఇది. ప్లైవుడ్ జిగురుకు కావలసిన ఫార్మాల్డిహైడ్, రంగుల పరిశ్రమ వాడే ఎసిటిక్ ఆమ్లం మిథనాల్ నుంచే వస్తాయి. వాతావరణ మార్పు చర్చల పుణ్యమా అని కొత్తదిగా పేరుపడింది గానీ, దీని వయసు నూరేళ్లకు దగ్గర.

కర్బనం పూర్తిగా మండిపోయాక మిగిలేది కార్బన్ డయాక్సైడ్. అందుకే అది ఒక పట్టాన లొంగదు. 1902లో ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో పాల్ సబాటియే, సాందరాన్ కలిసి వేడి నికెల్ మీద దాన్ని హైడ్రోజన్‌తో మీథేన్‌గా మార్చారు. నికెల్ మీద ఆక్సిజన్ అంతా ఊడిపోతుంది. మిథనాల్ రావాలంటే ఒక ఆక్సిజన్ పరమాణువు నిలవాలి.

ఆ పని జర్మనీలో బీఏఎస్ఎఫ్ సంస్థ 1923లో లోయినా కర్మాగారంలో సాధించింది. జింక్, క్రోమియం ఆక్సైడ్ల ఉత్ప్రేరకం, 300 డిగ్రీలకు మించిన వేడి, వాతావరణ పీడనానికి 250 రెట్లకు పైగా ఒత్తిడి అవసరమయ్యాయి. ముడిసరుకు బొగ్గు నుంచి తీసిన కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌ల మిశ్రమం. అయితే అదే దశాబ్దంలో అమెరికాలోని పియోరియాలో మొక్కజొన్నను పులియబెట్టి ఎసిటోన్, బ్యూటనాల్ తీసే కమర్షియల్ సాల్వెంట్స్ సంస్థ, పులియబెట్టే తొట్లలోంచి పొంగే కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్‌లతోనే మిథనాల్ చేసింది. హైడ్రోజన్ ఊరికే దొరికింది కాబట్టి గిట్టుబాటైంది. చరిత్ర పుస్తకాలు ఈ సంగతికి ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదు.

రాగి మెరుగైన ఉత్ప్రేరకమని అప్పటికే తెలుసు. కానీ బొగ్గు వాయువులోని గంధకం దాన్ని చంపేసేది. నాఫ్తా నుంచి శుభ్రమైన వాయువు వచ్చాకే, 1966లో ఇంగ్లండ్‌లోని బిల్లింగమ్‌లో ఐసీఐ సంస్థ రాగి, జింక్ ఆక్సైడ్, అల్యూమినా మిశ్రమాన్ని వాడుకలోకి తెచ్చింది. దాదాపు 250 డిగ్రీల వేడి, 50–100 రెట్ల పీడనం చాలాయి. 1980ల్లో అదే సంస్థ శాస్త్రజ్ఞులు రేడియోధార్మిక కర్బనంతో జాడ పట్టి చూస్తే, మిథనాల్‌లో చేరే కర్బనం ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్‌దని తేలింది! వాయుమిశ్రమంలో కొద్దిపాటిగా ఉండే ఘటకమే అసలు పని చేస్తోందన్నమాట.

మరి చిక్కెక్కడ? టన్ను మిథనాల్‌కు దాదాపు 1.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్, 190 కిలోల హైడ్రోజన్ కావాలి. ఆ హైడ్రోజన్‌ను నీటి విద్యుద్విశ్లేషణతో తీస్తే తొమ్మిది వేల యూనిట్లకు పైగా కరెంటు ఖర్చవుతుంది. పైగా ఆ హైడ్రోజన్‌లో మూడోవంతు మళ్లీ నీరై పోతుంది. ఆ నీరు ఉత్ప్రేరకం ఆయుష్షునూ తగ్గిస్తుంది. 1994 నోబెల్ గ్రహీత జార్జ్ ఓలా చమురు, గ్యాస్‌లకు బదులు మిథనాల్ వాడే 'మిథనాల్ ఆర్థిక వ్యవస్థ' కోసం ఎంత గట్టిగా వాదించినా, ఈ లెక్క దాటడం సులువు కాలేదు.

కరెంటు చవకైన ఐస్‌లాండ్‌లో, స్వార్ట్‌సెంగి భూతాప విద్యుత్కేంద్రం పక్కన కార్బన్ రీసైక్లింగ్ ఇంటర్నేషనల్ 2012లో ఓలా పేరిట కర్మాగారం నడపడం మొదలుపెట్టింది. విస్తరణ తరువాత దాని సామర్థ్యం ఏటా 4,000 టన్నులకు చేరింది. అదే సంస్థ పరిజ్ఞానంతో 2022లో చైనాలోని ఆన్యాంగ్‌లో 1,10,000 టన్నుల కర్మాగారం వచ్చింది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ సున్నపు బట్టీలది, హైడ్రోజన్ కోక్ బట్టీల వాయువులోది.